తింటోంది, తోక ఊపుతోంది, లేవలేకపోతోంది: ఇంజెక్షన్ ఇప్పించడం న్యాయమేనా?

జూలీ_వాళ్ల_నాన్న

మా జూలీకి 14 నిండాయి. లాబ్రడార్. ఆ జాతికి పన్నెండు దాటితేనే గొప్ప అంటారు కాబట్టి ఈ రెండేళ్లూ కలిసొచ్చాయనుకుంటూ వచ్చాం. ఆర్నెల్లుగా వెనక కాళ్లు పట్టు తప్పాయి. నెల నుంచి తనంతట తాను లేవలేకపోతోంది. నడుము కింద తువ్వాలు వేసి ఎత్తి పట్టుకుని బయటికి తిప్పుతున్నాం. రాత్రి రెండింటికి లేచి రొప్పడం మొదలుపెడితే తెల్లారేదాకా ఆగదు. చెవులు వినపడవు, ఒక కంట్లో శుక్లం. అయినా గిన్నె వాసన తగిలితే చాలు, తల ఎత్తి అడుగు కనపడేదాకా నాకేస్తుంది. నన్ను చూస్తే తోకతో నేలను కొడుతుంది.

ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా అమ్మాయి "ఇంకా ఎందుకు బాధపెడుతున్నారు, డాక్టర్ని పిలవండి" అంటోంది. మా ఆవిడ "తిండి తినే ప్రాణిని చేతులారా చంపుకుంటామా" అంటోంది. నేను ఇద్దరి మాటకూ తలూపుతున్నా. వాళ్లిద్దరూ ఇది చదువుతారు. అయినా మొహమాటపడకుండా రాయండి.

పాతచెప్పు

నా ఓటు మీ ఆవిడ గారికే. పద్నాలుగేళ్లు మన గుమ్మం కాచిన జీవికి ఆఖర్న నాలుగు నెలలు చాకిరీ చేయలేమా? మా బంటి పదిహేనో ఏట పోయాడు. చివరి పదిరోజులు మంచం పక్కనే పరుపు వేసి పడుకోబెట్టాం. ఒక సాయంత్రం నా ఒళ్లో తల పెట్టుకుని ఊపిరి వదిలేశాడు, అంతే. నోరు లేదు కాబట్టి దాని తరఫున మనమే నిర్ణయించాలని అందరూ అంటారు. నోరు లేదు కాబట్టే ఆ ఒక్క నిర్ణయం జోలికి మనం వెళ్లకూడదని నేనంటాను. అడిగితే ఏం చెప్పేదో మనకేం తెలుసు?

రెండోగంట

పాతచెప్పు గారూ, మీ బంటి అదృష్టవంతుడు. మా సోనీ కూడా సహజంగానే పోయింది. ఎలా పోయిందో చెబుతా.

కిడ్నీలు పాడయ్యాయి. మొదట నీళ్లు ఎక్కువ తాగడం, తర్వాత వాంతులు. రక్తంలో మలినాలు పేరుకునే కొద్దీ నోట్లో పుళ్లు పడ్డాయి, ఒక రకమైన వాసన. ఆకలి వేసి గిన్నె దగ్గరికి వచ్చేది, మూతి పెట్టి వెనక్కి వెళ్లిపోయేది. డాక్టర్ ముందే చెప్పారు, ఇక కోలుకోదని. "తాగుతోంది కదా, ఇంకో రోజు చూద్దాం" అని నేనే వాయిదా వేశాను. అలా నాలుగు రోజులు. నాలుగో రాత్రి ఫిట్స్ మొదలయ్యాయి. తెల్లవారుజామున ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తిన డాక్టర్ లేడు. ఆరింటికి పోయింది. దాన్ని సహజ మరణం అనాలట!

మూడేళ్లయింది. ఇప్పటికీ రాత్రి రెండు గంటలకి మెలకువ వస్తుంది. ఈ పేరు అందుకే పెట్టుకున్నా.

పాతచెప్పు

చదివి బాధనిపించింది రెండోగంట గారూ. కాకపోతే మీ సోనీది కిడ్నీ జబ్బు. మా బంటిది వయసు. జూలీది కూడా వయసే.

వెట్_ఒకరు

అక్కడే ఆగండి. వయసు జబ్బు కాదు. "వయసైపోయింది" అని మేం డాక్టర్లం కూడా అనేస్తుంటాం, తప్పే. వెనక కాళ్లు పడిపోయిన ముసలి లాబ్రడార్‌లో నాకు ముందు రెండు అనుమానాలు వస్తాయి. రెంటికీ దారులు పూర్తిగా వేరు.

ఒకటి ఆర్థరైటిస్, అంటే తుంటి, మోకాలు, వెన్ను కీళ్లు అరిగిపోవడం. ఇది నొప్పి. రోజంతా ఉండే నొప్పి. రెండోది వెన్నుపాము నరాలు మెల్లగా క్షీణించే డీజనరేటివ్ మైలోపతి. ఇందులో పాదం మడతపడి వెనక్కి ఈడుస్తుంది, గోళ్ల పైభాగం అరిగిపోతుంది, కానీ ఆ జబ్బు తనంతట తాను నొప్పి పెట్టదు. రెండూ కలిసి ఉన్న కుక్కలూ ఉంటాయి. బయటి నుంచి చూస్తే అన్నీ "లేవలేకపోతోంది" అనే కనిపిస్తాయి. కాబట్టి జూలీ వాళ్ల నాన్నగారూ, ఇంజెక్షన్ ఇప్పించాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. మొదటిది, దానికి నొప్పి ఉందా, ఉంటే ఇప్పటిదాకా మందు ఎవరైనా ఇచ్చారా?

తింటోంది కాబట్టి బాధ లేదు అన్నది నేను రోజూ వినే మాట. కుక్క నొప్పితో కూడా తింటుంది. లాబ్రడార్ అయితే మరీనూ. అరవడమూ తక్కువే. చల్లగా ఉన్నా ఊరికే రొప్పడం, పడుకున్న వైపు నుంచి పదే పదే మారాలని చూడటం, ఒకే కీలుని నాకుతూ ఉండటం, తొడ కండరం సన్నబడటం, తాకబోతే తల తిప్పి చూడటం: నొప్పికి దాని భాష ఇది.

రాత్రి రొప్పడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మనుషుల్లో మతిమరుపు జబ్బు లాంటిదే కుక్కల్లోనూ ఉంది. పగలు నిద్ర, రాత్రి తిరుగుడు, గోడ మూలన ఇరుక్కుని నిలబడిపోవడం, ఇంట్లోనే మూత్రం పోయడం దాని గుర్తులు. 2001లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల వాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణం కనీసం ఒకటి కనిపించింది. అంత మామూలు విషయం. గుండె, గొంతు సమస్యలు కూడా చూడాలి. హాయిగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. ముప్పై దాటుతుంటే డాక్టర్‌కి చెప్పాల్సిందే.

ఇంకొకటి, బతిమాలి చెబుతున్నా. మీ మందుల డబ్బాలో ఉన్న నొప్పి బిళ్ల వేయొద్దు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టలో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. జాలితో వేసిన బిళ్లతో వచ్చిన కేసులు చూశాను.

అటూఇటూ

నేను రెండో రకం తప్పు చేసినదాన్ని. అది కూడా ఎవరో ఒకరు రాయాలి కదా.

మా చిట్టికి పదమూడు. లేవలేదు, మూత్రం ఆపుకోలేదు. ఇంట్లో అప్పటికే మంచాన పడ్డ మా అత్తగారు. రెండు మంచాల మధ్య నేను. డాక్టర్ "కావాలంటే ఇవాళే చేసేయొచ్చు" అన్నారు, సరేనన్నాను. అది బాధపడుతోందనే అందరికీ చెప్పాను. చిట్టి కంటే నేనే ఎక్కువ అలిసిపోయానని తర్వాత ఒప్పుకున్నాను. అప్పటికి ఒక్క నొప్పి మందు కూడా వాడి చూడలేదు. వెట్ గారు పైన రాసింది నాకు ఆ రోజు ఎవరూ చెప్పలేదు.

"నిద్రపుచ్చడం" అన్న మాట కూడా నాకు పడదు. నిద్రపుచ్చితే లేస్తుంది. చంపడం అనుకుని, అలా అనుకున్నాక కూడా సరే అనిపిస్తే అప్పుడు చేయండి.

పాతచెప్పు

అదే నేననేది! ఈ పనిలో సగం మన సౌకర్యం కోసమే. ఇల్లు వాసన వస్తోందని, సెలవు దొరకలేదని. పైకి మాత్రం జాలి.

రెండోగంట

అటూఇటూ గారు అంత నిజాయతీగా రాస్తే దాన్ని రాయిలా విసురుతారేంటండీ? అలిసిపోవడం పాపమా? లేవలేని పెద్ద కుక్కని నాలుగైదు గంటలకోసారి పక్క మార్చాలి. మార్చకపోతే తుంటి ఎముక దగ్గర, మోచేతి దగ్గర పుండు పడుతుంది. తడి అంటుకుని ఉంటే చర్మం ఊడొస్తుంది, దాని మీద ఈగలు వాలి పురుగులు పడతాయి. ఇది చేయడానికి ఇంట్లో మనిషి ఉండాలి. లేనప్పుడు "సహజంగా పోనిద్దాం" అంటే కుక్కని పుండుకి వదిలేయడమే.

సహజం అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. నడుము కింద తువ్వాలు వేసి ఎత్తడం సహజమా? అడవిలో అయితే కాళ్లు పడిపోయిన మూడోరోజే అయిపోయేది. టీకాలతో, మందులతో, మెత్తటి పరుపుతో ఇక్కడిదాకా లాక్కొచ్చింది మనమే. ఇంత దూరం తెచ్చి, చివరి మలుపులో "ఇక ప్రకృతి చూసుకుంటుంది" అని చేతులు దులుపుకోవడమేంటి?

పాతచెప్పు

తప్పుగా అన్నాను. అటూఇటూ గారూ, క్షమించండి.

తువ్వాలు మాట గురించి ఆలోచిస్తా. జవాబు ఇంకా లేదు.

లెక్కలమాస్టారు

ఇలాంటి అయోమయం కోసమే ఒక కొలత ఉంది. ఆలిస్ విల్లలోబోస్ అని అమెరికాలో పశువుల క్యాన్సర్ డాక్టర్, 2004లో తయారుచేశారు. నొప్పి (ఊపిరి ఆడటం కూడా ఇందులోనే), ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా. ఏడింటికీ సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు, ఆ విషయంలో ఎంత బాగుంటే అన్ని ఎక్కువ. మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని లెక్క.

అటూఇటూ

మాస్టారూ, కూడిక దగ్గరే నాకు పేచీ. ఆకలికి పది, నీటికి పది, శుభ్రతకు పది, సంతోషానికి ఆరు వేశాననుకోండి. పాసైపోయింది. భరించలేని నొప్పి ఉండి దానికి సున్నా వేసినా పాసే. మార్కులు వేసేది కూడా మనమేగా, మన మనసుకి ఏది కావాలో అటు మొగ్గుతాం.

వెట్_ఒకరు

నిజమే. అందుకే నొప్పి, ఊపిరి అన్నిటికంటే ముందని ఆవిడే చెప్పారు. కూడికను తీర్పులా వాడొద్దు. నేనైతే ఇంటివాళ్లని క్యాలెండర్ మీద రోజుకో గుర్తు పెట్టమంటాను. మంచి రోజు, చెడ్డ రోజు. ఇంట్లో ఇద్దరుంటే ఒకరిది ఒకరు చూడకుండా విడివిడిగా పెట్టండి. రోజూ చూసే కంటికి దిగజారడం తెలీదు, కాగితం మీద తెలుస్తుంది.

జూలీ_వాళ్ల_నాన్న

నొప్పి మందు ఇప్పటిదాకా వాడలేదండి. ఇది రాయడానికే సిగ్గేస్తోంది. రేపు తీసుకెళ్తున్నాం.

ఒక మాట అడుగుతాను. ఆ పని చేస్తే అసలేం జరుగుతుంది? మా ఆవిడ భయం అక్కడే ఉందనిపిస్తోంది.

వెట్_ఒకరు

సిగ్గెందుకు, చాలామంది అక్కడే ఉంటారు.

ముందు మత్తు ఇంజెక్షన్ ఇస్తాం. పది పదిహేను నిమిషాల్లో మగతలోకి వెళ్తుంది. తర్వాత నరంలోకి పెంటోబార్బిటాల్, ఆపరేషన్లలో మత్తుకి వాడుతూ వచ్చిన రకం మందే, మోతాదు చాలా ఎక్కువ. సెకన్లలో స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. ముందే తెలియకపోతే మనసు విరిగే సంగతులు కొన్నుంటాయి. కళ్లు మూసుకోవు, తెరిచే ఉంటాయి. గుండె ఆగాక కూడా ఒకటి రెండు పెద్ద ఊపిరులు తీసినట్టు అవ్వచ్చు, కండరం అదరొచ్చు, మూత్రం పోవచ్చు. అవి బాధ వల్ల కాదు, అప్పటికి స్పృహే ఉండదు. మత్తు ఇవ్వకుండా నేరుగా చేస్తామని ఎవరైనా అంటే, మత్తు కావాలని గట్టిగా అడగండి.

ఇంట్లో చేయమంటే వచ్చే డాక్టర్లూ ఉంటారు, కనుక్కోండి. పాతిపెట్టేట్టయితే లోతుగా తవ్వాలి. ఆ మందు శరీరంలో మిగిలిపోతుంది, వేరే జంతువు తవ్వి తింటే దాని ప్రాణం మీదికొస్తుంది.

పాతచెప్పు

ఇంత వివరంగా నాకెప్పుడూ ఎవరూ చెప్పలేదు. నేను ఊహించుకున్నది వేరు. అయినా నా చేత్తో నేను చేయించలేను, అది మారలేదు. జూలీ వాళ్ల నాన్నగారూ, డాక్టర్ ఏమన్నారో రాయండి.

జూలీ_వాళ్ల_నాన్న (పదమూడు రోజుల తర్వాత)

ఆలస్యానికి క్షమించండి. తుంటి, నడుము కీళ్లు రెండూ అరిగాయన్నారు. గోళ్లు కూడా అరిగాయి, నరాల సమస్య కొంత ఉన్నట్టే. రక్తపరీక్ష చేసి, కిడ్నీలు చూసుకుని, బరువుని బట్టి వాపు నొప్పి మందు, రాత్రికి నరాల నొప్పి తగ్గించే గాబాపెంటిన్ ఇచ్చారు. మూడో రాత్రి రొప్పడం ఆగింది. రెండింటికి అలవాటుగా మెలకువ వచ్చి చూస్తే జూలీ గురకపెడుతోంది. మేం ముగ్గురం లేచి కూర్చుని ఆ గురక విన్నాం. ఇన్నాళ్లూ ఏం భరించిందో అప్పుడు అర్థమై మా ఆవిడ ఏడ్చింది.

కాళ్లు రాలేదు. అవి రావన్నారు.

క్యాలెండర్ పదకొండు రోజులు పెట్టాం. ఫలితం మేం అనుకున్నట్టు లేదు. మా అమ్మాయి లెక్కలో చెడ్డ రోజులు నాలుగు. మా ఆవిడ లెక్కలో ఏడు. పక్క మార్చేది, కడిగేది ఆవిడే, కాబట్టి అమ్మాయి కాలేజీకి వెళ్లాక జరిగేవి ఆవిడకే కనిపిస్తాయి. మొన్న కడుగుతుంటే జూలీ మొదటిసారి ఆవిడ మీద గుర్రుమందట. నిన్న మందులకి వెళ్లినప్పుడు "ఇంటికి వస్తారా డాక్టర్ గారూ" అని ఆవిడే అడిగింది. నేను పక్కనే ఉన్నా, ముందుగా నాకు చెప్పలేదు. వస్తామన్నారు. రోజు మేమింకా అనుకోలేదు. ఇప్పుడు అమ్మాయే "రాత్రి బాగానే పడుకుంటోంది కదమ్మా" అంటోంది.

పాతచెప్పు

గిన్నె ఇంకా నాకుతోందా?

జూలీ_వాళ్ల_నాన్న

నాకుతోందండి. గిన్నె జారిపోకుండా మా ఆవిడ చేత్తో పట్టుకుంటోంది.