ఫ్రైడ్ రైస్‌కి ఇంట్లో ఉన్న స్వర్ణ బియ్యం పనికొస్తాయా, బాస్మతీ కొనాల్సిందేనా?

రామచంద్రపురం గృహిణి:
మా పిల్లలకి ఆదివారం వచ్చిందంటే ఫ్రైడ్ రైస్ ఉండాలి. బయట తినిపించడం ఇష్టం లేక ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాను. మేం తినేది స్వర్ణ. సొంత చేలో పండిన ధాన్యమే మర ఆడించుకుంటాం. ఆ బియ్యంతో చేస్తే ముద్దయిపోతుంది, బాస్మతీ తెచ్చుకో అంటుంది మా తోడికోడలు. మా అత్తగారేమో ఇంట్లో బస్తాలకొద్దీ బియ్యం పెట్టుకుని కొట్లో కిలోల్లెక్కన కొనడమేమిటమ్మా, రాత్రి నాలుగు మెతుకులు ఎక్కువ వండి ఉంచి పొద్దున్న వేయించు అంటారు. రాత్రంతా ఉన్న అన్నం పిల్లలకి పెట్టాలంటే నాకు టెన్షన్. ఎవరి మాట వినమంటారు? కారణం కూడా రాయండి, ఇంట్లో చదివి వినిపిస్తాను.

కాకినాడ క్యాటరింగ్:
మీ తోడికోడలి మాటే రైటండి. నేను ఫంక్షన్లకి వంట చేయించేవాణ్ణి. ఫ్రైడ్ రైస్‌లో మెతుకు మెతుక్కీ అంటుకోకూడదు, కలిపేటప్పుడు విరగకూడదు. బాస్మతీ ఉడికితే పొడుగ్గా సాగుతుంది. పైగా మంచి రకం బజారుకి వచ్చేదే బాగా నిలవ పెట్టిన తర్వాత. నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, వార్చి, పళ్లేల్లో ఆరబోస్తే గంటలోపే మూకుట్లో వేసేయొచ్చు. రాత్రి అన్నం గొడవే ఉండదు. స్వర్ణ పొట్టి గింజ. పప్పులోకీ పులుసులోకీ దాన్ని మించింది లేదు, చేత్తో కలిపితే ముద్ద కుదురుతుంది. ఆ గుణమే ఇక్కడ అడ్డం. వారానికి ఒక్క పూట కోసం కిలో బాస్మతీ తెచ్చుకుంటే తప్పేముంది?

పాలకొల్లు పిన్ని:
క్యాటరింగ్ గారూ, నానబెట్టడం, వార్చడం, ఆరబోయడం అన్నీ బాస్మతీకి చేస్తున్నారు. అవే మర్యాదలు స్వర్ణకి కూడా చేసి, అప్పుడు ముద్దయిందని చెప్పండి. ఇళ్లలో జరిగేదేమిటంటే స్వర్ణని కుక్కర్లో పడేసి మూడు విజిల్స్ రానిస్తారు, వేడివేడిగా తీసి మూకుట్లో పోసి గరిటెతో కుమ్ముతారు. ఏ బియ్యమైనా అలా చేస్తే ముద్దే.

అమ్మా రామచంద్రపురం, ముందు మీ బియ్యం కొత్తవా పాతవా చూసుకోండి. సార్వా కోతలయ్యాక డిసెంబరులో ఆడించిన బియ్యం పరమాన్నానికి బాగుంటాయి. ఫ్రైడ్ రైస్‌కి మాత్రం వద్దు, జిగురు వదులుతాయి. అదే ధాన్యం ఆరేడు నెలలు బస్తాలో ఉండి పాతబడితే నీళ్లు బాగా పీల్చుకుని, పొంగి, విడివిడిగా ఉడుకుతాయి. పాత బియ్యమే మంచివని మన ఇళ్లలో ఊరికే అనరు కదా.

బియ్యాన్ని కడుగు నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. అరగంట నానబెట్టండి. గ్లాసు బియ్యానికి ఐదారు గ్లాసుల నీళ్లు పెట్టి, మరిగాక చారెడు ఉప్పు కాదు, చిటికెడు వేసి బియ్యం పోయండి. గరిటెతో తెగ కలపొద్దు. మెతుకు వేళ్ల మధ్య నొక్కితే లోపల సన్నగా పలుకు తగులుతూ ఉండగానే గంజి వార్చేయండి. అన్నం మెత్తబడేదాకా ఆగితే ఆ తర్వాత ఎవరూ బాగు చేయలేరు. అత్తెసరు పెడితే ఆ జిగురంతా అన్నంలోనే ఇంకిపోతుంది, వారిస్తే గంజిలో పోతుంది. తేడా అంతా అక్కడే ఉంది. వార్చిన గంజిలో కాస్త ఉప్పూ మజ్జిగా కలిపి పెద్దవాళ్లకి ఇవ్వండి, పారబోయకండి.

హైదరాబాద్‌లో ఉన్న కోనసీమ కుర్రాడు:
పిన్నిగారి మాటకి నాది గట్టి మద్దతు. స్వర్ణ అంటే ఎం.టి.యు. 7029. ఆ మూడక్షరాలూ మారుటేరువి. మన పశ్చిమ గోదావరిలోని పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చింది. వశిష్ఠనీ మసూరినీ సంకరం చేసి తీసిన రకం. ఇప్పుడు ఒడిశా, బెంగాల్ దాకా పండిస్తున్నారు.

దీన్ని జిగురు బియ్యం కింద లెక్కగట్టడం అన్యాయం. అన్నం అంటుకోవడమా విడిపోవడమా అన్నది చాలావరకు గింజలోని పిండిపదార్థం మీద ఆధారపడుతుంది. అమైలోజ్ అనే భాగం ఎక్కువుంటే మెతుకు విడిగా ఉంటుంది, చల్లారితే గట్టిపడుతుంది. తక్కువుంటే మెత్తగా అంటుకుంటుంది. స్వర్ణలో అది పాతిక శాతానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. బాస్మతీలో ఇరవై నుంచి పాతిక దాకా. అంటే ఈ విషయంలో స్వర్ణ ఏమీ వెనకబడి లేదు. థాయ్ జాస్మిన్ బియ్యంలో ఇంకా తక్కువ, అయినా థాయ్‌లాండ్‌లో ఫ్రైడ్ రైస్ దాంతోనే చేసుకుంటున్నారు. ఈ వంటకానికి పేరుమోసిన చైనా ఊరు యాంగ్‌జౌ, అక్కడా బాస్మతీ వాడరు. అదీ యాంగ్‌ట్సీ నది దిగువన ఉన్న వరి నేలే. ఎవరి నేల మీద పండిన బియ్యంతో వాళ్లు చేసుకున్న వంట ఇది. మనకి మాత్రం హర్యానా నుంచి సంచీ రావాలా?

కాకినాడ క్యాటరింగ్:
తమ్ముడూ, శాతాలు సరే. గింజ ఆకారం మాటేమిటి? మూకుట్లో పదే పదే తిప్పినప్పుడు నానిన పొట్టి గింజ చిదుగుతుంది. చిదిగిన మెతుకు పిండి వదిలి పక్కదాన్ని పట్టుకుంటుంది. నేను చూసేది అది.

భీమవరం చెరువుగట్టు:
ఇంత చర్చ ఎందుకండీ. వాళ్ల అత్తగారు చెప్పింది సరైన మాట. రాత్రి అన్నం పొద్దున్నకి గట్టిపడి ఉంటుంది, చేత్తో చిదిపితే రాలిపోతుంది. మూకుట్లో ఎంత తిప్పినా విరగదు. మా తాతలు జీవితాంతం చద్దన్నం తిని పొలం పనులు చేశారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ తరానికి అన్నీ భయాలే.

అమలాపురం మైక్రోబయాలజీ:
చెరువుగట్టు గారూ, రాత్రి అన్నం గట్టిపడుతుందన్నది నిజం. ఉడికినప్పుడు నీళ్లు పీల్చి ఉబ్బిన పిండిపదార్థం చల్లారేకొద్దీ మళ్లీ దగ్గరపడి బిగుసుకుంటుంది. ఫ్రిజ్ చలిలో ఇది ఇంకా బాగా జరుగుతుంది. ఫ్రైడ్ రైస్‌కి చల్లని అన్నం వాడమనేది అందుకే. చద్దన్నం పోలిక దగ్గరే నాకు అభ్యంతరం. పిల్లలకి పెట్టే తిండి గురించి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. మట్టిలోంచి వస్తాయి. అన్నం ఉడికినా ఆ బీజాలు చావవు. అన్నం వేడి 60 డిగ్రీల కిందికి దిగాక అవి మేలుకుని పెరగడం మొదలుపెడతాయి. మన డెల్టాలో మే నెల రాత్రి కూడా ఉక్కపోతే, గట్టు మీద మూతపెట్టిన గిన్నె తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది. వాటికి అంతకన్నా ఏం కావాలి? పెరిగేటప్పుడు అవి వదిలే ఒక విషానికి వేడి లెక్కలేదు. పొద్దున్న మూకుట్లో ఎంత మంట మీద వేయించినా బాక్టీరియా చస్తుంది గానీ ఆ విషం అలాగే ఉంటుంది. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనీస్ హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లకి వరసగా ఇలాగే అయింది. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంచి, తర్వాత వేయించి ఇచ్చారు. అంటే ఈ జబ్బు చరిత్రలో ఫ్రైడ్ రైస్‌దే మొదటి పేజీ.

మీ తాతగారు తిన్నది పొడి అన్నం కాదు. నీళ్లో మజ్జిగో పోసి, తరవాణి కుండలో పులియబెట్టిన అన్నం. పులుపెక్కేకొద్దీ ఈ బాక్టీరియాకి పెరుగుదల కష్టమవుతుంది. పులియని పొడి అన్నానికి ఆ రక్ష లేదు. రెండింటికీ ఒకే లెక్క వేయకండి.

అలాగని రాత్రి అన్నం మానేయక్కర్లేదు. వార్చిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి ఫ్యాన్ కింద పెట్టండి. గంటలోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. మర్నాడే వాడేయాలి. వేయించాక మిగిలితే మళ్లీ దాచి మళ్లీ వేడి చేయొద్దు.

భీమవరం చెరువుగట్టు:
ఎండాకాలం కరెంటు పోతే ఫ్రిజ్ ఉండీ ఏం లాభమండీ?

అమలాపురం మైక్రోబయాలజీ:
తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనం పట్టి ఉంచుతుంది. రాత్రంతా కరెంటు లేకపోతే మాత్రం ఆ అన్నం పిల్లలకి పెట్టొద్దు. వాసన బాగుంది కదా అని కూడా చూడొద్దు, ఈ విషానికి వాసనా రుచీ ఉండవు.

పాలకొల్లు పిన్ని:
అందుకే నేను రాత్రి అన్నం జోలికే పోను. పొద్దున్నే వార్చి ఫ్యాన్ కింద అరగంట ఆరబెట్టి, ఓ గంట ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నానికి చేస్తాను. మెతుకు పైనున్న తడి పోవడం ముఖ్యం. ఆ తడి ఉన్నంతసేపూ మూకుట్లో అన్నం వేగదు, ఉడుకుతుంది.

నరసాపురం ఫాస్ట్‌ఫుడ్ మాస్టర్:
మీరంతా బియ్యం దగ్గరే ఆగిపోయారు. పొయ్యి సంగతి ఎవరూ ఎత్తలేదేంటండీ? బండి మీద మా బర్నర్ మంటకీ ఇంట్లో గ్యాస్ మంటకీ పోలికే లేదు. మేం ఒక్కో ప్లేటు విడిగా కొడతాం, అందుకే పొడిపొడిగా వస్తుంది. ఇంట్లోనేమో చిన్న మంట మీద నలుగురిదీ ఒకేసారి పోస్తారు. చల్లటి అన్నం అంత పడగానే మూకుడు వేడి చచ్చిపోతుంది, ఆవిరి కమ్ముతుంది. అలాగైతే బాస్మతీ కూడా ముద్దే. ఒకరికో ఇద్దరికో సరిపడా వేసుకుని వాయిలుగా చేయండి, బూరెల వాయి తీసినట్టు.

మీ ఇంట్లో బూరెల మూకుడు ఉంటుంది కదా, ఇనుముది, వెడల్పుది. అదే తీయండి. నాన్‌స్టిక్ వద్దు, అది అంత వేడికి పనికిరాదు. ఖాళీ మూకుడు బాగా కాలనిచ్చి అప్పుడు నూనె పోయండి. ముందు గుడ్డు వేసి, సగం గట్టిపడగానే తీసి పక్కన పెట్టండి. తర్వాత వెల్లుల్లి, క్యారెట్, బీన్స్, క్యాబేజీ, పెద్ద మంట మీద నిమిషం రెండు నిమిషాలు. కూర ముక్కలకి ఉప్పు ముందే వేస్తే నీరు ఊరుతుంది, వేయొద్దు. అన్నం వేళ్లతో విడదీసి పోసి, అట్లకాడతో కింది నుంచి పైకి ఎత్తి తిప్పండి. నొక్కొద్దు. క్యాటరింగ్ గారు చెప్పిన చిదగడం వచ్చేది ఆ నొక్కుడు వల్లే. సోయా సాస్ అన్నం మీద పోయకుండా మూకుడు అంచు వెంట పోయండి. కాలిన ఇనుము తగిలి చుయ్యిమని పొంగుతుంది, ఆ వాసనే మీ పిల్లలు బండి దగ్గర కోరుకునేది. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి విడిగా ఉప్పు చివర చూసి వేసుకోండి. మిరియాల పొడి, ఉల్లికాడలు దించే ముందు.

పప్పునూనెతో చేయొచ్చా అని కొందరు అడుగుతుంటారు. మన గానుగ నూనె పచ్చి నువ్వులది. చైనా వంటలో వాసన కోసం చివర రెండు చుక్కలు వేసేది వేయించిన నువ్వుల నూనె. రెండూ ఒకటి కావు. వేయించడానికి వేరుశనగ నూనె చాలు.

రామచంద్రపురం గృహిణి:
మాస్టారూ, అజినమోటో లేకుండా ఆ రుచి వస్తుందా? అది విషం అంటారు కదా.

అమలాపురం మైక్రోబయాలజీ:
విషం కాదండీ. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి వేరు చేసిన గ్లుటమేట్ ఉప్పు అది. టమాటాలో ఉండేదీ గ్లుటమేటే. 1968లో అమెరికా వైద్య పత్రికలో అచ్చయిన ఒక ఉత్తరంతో మొదలైన భయం ఇన్నేళ్లయినా వదల్లేదు. మామూలు మోతాదులో హాని ఉందని తర్వాతి పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. అందులో సోడియం మామూలు ఉప్పులో ఉన్నదానికి మూడో వంతే. ఏడాదిలోపు పసిపిల్లలకి మాత్రం వద్దు.

నరసాపురం ఫాస్ట్‌ఫుడ్ మాస్టర్:
ఇంట్లో అవసరం లేదమ్మా. గుడ్డు, వెల్లుల్లి, సోయా చాలు.

భీమవరం చెరువుగట్టు:
రొయ్యలు వేసేవాళ్లకి ఒక మాట. కడిగాక గుడ్డతో తడి ఒత్తేసి, విడిగా రెండు నిమిషాలు వేయించి, ఊరిన నీళ్లు పారబోసి, చివర్లో కలపండి. అన్నంతో పాటు వేస్తే ఆ నీళ్లతోనే అంతా పాడు.

కాకినాడ క్యాటరింగ్:
నా మాట నాదేనండి. వందమందికి చేసేచోట వాయిలుగా, అట్లకాడ నొక్కకుండా చేయించడం జరిగేపని కాదు. అక్కడ బాస్మతీ కాపాడుతుంది. పిన్నిగారు చెప్పిన పద్ధతిలో నలుగురికి ఇంట్లో చేసుకుంటే పాత స్వర్ణ సరిపోతుందని ఒప్పుకుంటాను. కొత్త బియ్యంతో మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

రామచంద్రపురం గృహిణి:
చాలా థాంక్స్ అండి అందరికీ. మా బియ్యం పోయిన సార్వావి, పాతవే. ఒక్క సందేహం మిగిలింది. ఆదివారం పొద్దున్న గుడికి వెళ్తాం, వార్చే తీరిక ఉండదు. కుక్కర్లో పెట్టుకోవచ్చా?

పాలకొల్లు పిన్ని:
పెట్టుకోవచ్చమ్మా, నీళ్లు తగ్గించండి. నానబెట్టి వడగట్టిన బియ్యానికి గ్లాసుకి గ్లాసుంబావు నీళ్లు, ఒక చెంచా నూనె. ఒక్క విజిల్ రాగానే కట్టేసి, ఐదు నిమిషాలయ్యాక ఆవిరి మెల్లగా వదిలేసి మూత తీయండి. ఆవిరంతా దానంతటదే పోవాలని ఆగితే మెత్తబడుతుంది. వెంటనే పళ్లెంలోకి గుమ్మరించి పరిచేయండి. గుడికి బయల్దేరే ముందే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి, గట్టు మీద వదలొద్దు.