సమస్యాపూరణం: "త్రాగకున్న సీస తరిగిపోవు"

నిర్వహణ: ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. సందర్భం కూడా ఇస్తున్నాం. ఏరి కూర్చుకున్న మాల్టు (మొలకెత్తించిన బార్లీ) విస్కీలు బీరువాలో ఉన్నాయి. ఇల్లాలి తరపు చుట్టాలు దిగారు. తీయాలా, వద్దా?

కొత్తవారికి ఒక మాట. గణమంటే గురువులు (రెండు మాత్రల అక్షరాలు), లఘువులు (ఒక మాత్రవి) కూడిన గుంపు. సూర్యగణాలు గల, న; ఇంద్రగణాలు నల, నగ, సల, భ, ర, త. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సినది, నాలుగో గణం మొదటి అక్షరం. సమస్యలో త్రా–త. "సీసా" అంటే రెండు గురువులై గణం చెడుతుంది, అందుకే "సీస".

పూరణ 1 (కృష్ణాతీరం)

బిరడ యెండిపోయి పిసరంత సందైన
నేటి కింత యింత యెగిరి చనును
దాచి దాచి యుంచి తలుపు మూసిన గాని
త్రాగకున్న సీస తరిగిపోవు

నిర్వహణ: తాగకపోతే తరగడమేమిటనే విరోధం చక్కగా పరిహరించారు, అభినందనలు. "సందైనన్ + ఏటికి" ద్రుతసంధి (చివరి న్ తర్వాతి అచ్చుతో కలవడం) సరైనదే, యతి ఏ–యె కూడా సరే. కాని వినేవాడికి "నేటికి" అనే తోస్తుంది, ఏళ్ళ తరబడి జరిగే నష్టం ఒక్క రోజుదైపోతుంది. "వత్సరాన కింత వదలి చనును" అనండి.

డల్లాస్ గోదారి: బిరడా ఎండుతుందంటే సీసాను పడుకోబెడితే పోలేదా?

కృష్ణాతీరం: అది ద్రాక్షసారాయికి చెల్లుతుంది, అందులో మద్యం 12–14 శాతమే. విస్కీ 40 శాతానికి పైమాటే. పడుకోబెడితే ఆ ఘాటు బిరడాను తినేస్తుంది, తెరిచేనాటికి పొడి పొడిగా రాలుతుంది. నిలబెట్టే ఉంచాలి. ఎప్పుడైనా ఒకసారి ఒక్క క్షణం వంచి బిరడా తడిపి మళ్ళీ నిలబెడితే చాలు. ఎండ తగలకూడదు. అటకమీద అసలే వద్దు, మన వేసవిలో అక్కడ సీసాలోని గాలి వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది. బిరడా విరిగితే టీ వడకట్టులో కాఫీ ఫిల్టరు కాగితం వేసి వేరే సీసాలోకి వడబోయండి. అయిపోయిన సీసాల బిరడాలు పారేయకుండా ఉంచితే అప్పుడు పనికొస్తాయి.

పూరణ 2 (వైగైతీర తెలుగు)

బావమరిది వచ్చి బల్లపై గూర్చుండ
తోడి యల్లు డొకడు వెంట రాగ
కొన్నవాడు దాని గొప్పలే చెప్పుచు
త్రాగకున్న సీస తరిగిపోవు

నిర్వహణ: మూడో పాదం దగ్గర నవ్వు ఆగలేదు. ఇక సవరణలు. రెండో పాదంలో యతి తప్పింది, తో–వెం కుదరదు. "తోడు రాగ" అంటే యతీ నిలుస్తుంది, తోడల్లుడికి తోడు అనే చమత్కారమూ వస్తుంది. "కూర్చుండన్", "రాగన్" ద్రుతాంతాలు (న్‌తో ముగిసేవి, వాటి తర్వాత క, త వంటివి గ, ద అవుతాయి) కనుక తర్వాతి పాదాలు "దోడి", "గొన్నవాడు" అని మొదలవ్వాలి. "చెప్పుచున్" కూడా ద్రుతాంతమే. దాని తర్వాత సమస్య "ద్రాగకున్న" అవుతుంది, ఇచ్చిన పాదాన్ని మార్చే హక్కు మనకు లేదు. "గొప్పలే వర్ణించి" అనండి, చివరి గణం "త" అవుతుంది, "వర్ణించి" ద్రుతాంతం కాదు, ఇబ్బంది ఉండదు.

శ్రావణమేఘం: పద్యం సరే. ఇల్లాలి చుట్టాలనగానే బావమరిది, తోడల్లుడేనా? ఆవిడ అక్కయ్యకు గ్లాసు అక్కర్లేదని ఎవరు తేల్చారు?

వైగైతీర తెలుగు: ఒప్పుకున్నానమ్మా. బావమరిది గణానికి దొరికాడు.

పూరణ 3 (పద్యకుటీరం)

ఇంద్రు లార్గు రుండి యిద్దరర్కులు గూడి
పోసినట్టి రసము పొంగుచుండ
వినెడివారు చెవుల వేడ్క దోయిలి పట్టి
త్రాగకున్న సీస తరిగిపోవు

నిర్వహణ: సీసపద్యం చేశారు! పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు (అర్కులు) గ్లాసులో పోసినట్టే ఉంది. అయితే పద్యం పేరు "సీసము", "సీస" అని విడిగా నిలవదు, శ్లేష ఒంటికాలిమీద ఉంది. పైగా ఇచ్చిన సందర్భం బయటే ఆగిపోయింది, చుట్టాలు గుమ్మంలో నిలబడే ఉన్నారు.

బెంగుళూరు మజిలీ: పూరణ కాదు, చిన్న హెచ్చరిక. విస్కీ ఊరే పీపాలో జరిగే తరుగు వేరు, సీసాలో తరుగు వేరు. పీపాలో స్కాట్లండు చలికి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైతే, అమృత్ మాల్టు ఊరే బెంగుళూరులో అది 10–12 శాతం. గాజులోకి దిగాక విస్కీ ఊరదు. 12 ఏళ్ళది ఇంకో 20 ఏళ్ళు దాచినా 12 ఏళ్ళదే. "ఇంకా పండుతుంది, తర్వాత తీద్దాం" అని ఆవిడ చుట్టాలకు చెప్పడం కుంటిసాకు.

కృష్ణాతీరం: అలాగని అన్నీ తీయనక్కర్లేదు. మూత తెరవనిది, మళ్ళీ దొరకనిది లోపలే ఉండనివ్వండి. కోలా కలుపుకొనేవారికి మామూలు బ్లెండు (కలగలుపు విస్కీ) ఒకటి బల్లమీద పెట్టండి, అది చిన్నచూపు కాదు. కోలాలో ఏ మాల్టయినా ఒకటే. ఏది ఎవరికో ఇల్లాలితో ముందే అనుకోవాలి. అందరిముందూ తాళంచెవి వెతికితే తలవంపులు ఆవిడకు.

పూరణ 4 (శ్రావణమేఘం)

సగము వంచి మిగులు సగమున గాలి రా
వాసనంత నెలల వాడిపోవు
పిలిచి చుట్టములకు పెగ్గుపెగ్గు నొసగి
త్రాగకున్న సీస తరిగిపోవు

నిర్వహణ: ఈ వారానికి ఇదే మేటి. సందర్భం నిలిచింది, "తరుగు" అంటే కొలత కాదు, గుణం అని కొత్త అర్థం తెచ్చారు. "పెగ్గు" అన్యదేశ్యమే అయినా ఇక్కడ దానికి మారుమాట వెతకడం దండగ. పెద్దదా, చిన్నదా అన్నదే చెప్పలేదు.

శ్రావణమేఘం: చిన్నదే, 30 మిల్లీలీటర్లు. కంటి అంచనాతో పోస్తే 50 అవుతుంది, కొలగిన్నె వాడాలి. తేలికైనది ముందు, పొగవాసనది చివర. తారుమారైతే రెండోది నాలుకకు తెలియదు. నీళ్ళు కలపకుండా పీపా ఘాటుతోనే నింపిన 58 శాతంది అయితే 30కి ఏడున్నర మిల్లీలీటర్ల నీళ్ళు, అంటే చెంచాన్నర, కలిపితే 46కు దిగుతుంది. ఐసు వేస్తే వాసన ముడుచుకుపోతుంది.

మూడోవంతుకు తగ్గిన సీసాను మాత్రం నెలల తరబడి ఉంచొద్దు. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలు వేడినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మెడదాకా నింపి మర మూత బిగించండి. పాత మూతలో పాత మందు వాసన దాగుతుంది, ముందు మూత వాసన చూడండి.

వైగైతీర తెలుగు: లెక్క చూశాను. 750 సీసా, ఆరుగురు, తలా రెండు చిన్నవి: 360. మిగిలింది 390. రెండు క్వార్టర్లకు 360 పోతే గృహస్థుకు సరిగ్గా 30!

శ్రావణమేఘం: క్వార్టరు సీసా మెడదాకా 180కి మించే పడుతుందండీ. ఆ 30లో కొంత మెడలకే పోతుంది.

వైగైతీర తెలుగు: అయితే నా మూడో పాదం సవరించనక్కర్లేదు.

నిర్వహణ: "వర్ణించి" అని సవరించాల్సిందే.