అప్‌డేట్: పాప స్కేటింగ్ మార్కులు తగ్గడానికి కారణం తెలిసింది

మా పాప గుంటూరులో ఆర్టిస్టిక్ స్కేటింగ్ (చక్రాల స్కేట్ల మీద జంపులు, చుట్లు తిరగడం) చేస్తూ స్కూల్ బ్యాండులో డ్రమ్ కూడా వాయిస్తుంది. పడిపోకపోయినా స్కేటింగులో మార్కులు ఎందుకు తగ్గాయి, డ్రమ్ మాన్పించాలా, షూ మార్చాలా అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

స్లో మోషన్‌లో వీడియో తీయమన్న సలహా పనిచేసింది. కోచ్ గారు ఫోనులో ఆపి ఆపి చూపించారు: గాల్లో చుట్టు పూర్తవకముందే చక్రాలు నేలకు ఆనుతున్నాయి, అందుకే పడకపోయినా మార్కులు తగ్గాయి. మామూలుగా చూస్తే అసలు తెలియదు.

ఐస్ ఫిగర్ స్కేటింగులోనూ ఒక్కో జంపుకి విడిగా విలువ ఉంటుంది, చేసిన తీరుకి మైనస్ 5 నుంచి ప్లస్ 5 వరకు.

డ్రమ్‌కి, దీనికి సంబంధం లేదు. షూ మార్చే అవసరమూ రాలేదు. ఇప్పుడు రోజూ స్కేట్లు లేకుండా గచ్చు మీద దూకి తిరగడం ప్రాక్టీస్ చేస్తోంది.