గ్రేడ్ 2 అన్నారు, ఫైల్లో స్టేజ్ 3ఏ అని ఉంది. పది రోజుల్లో పెరిగిపోయిందా?

గాజువాక_అబ్బాయి:
నాన్నకి 61. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. కుడి తొడలో గడ్డ సంక్రాంతికి నిమ్మకాయంత ఉండేది. "కొవ్వు గడ్డలేరా" అని లుంగీ కప్పేసుకునేవారు. ఇప్పుడు ఎమ్మారైలో 7 సెంటీమీటర్లు, కండరం లోపల. సూది బయాప్సీలో లియోమయోసార్కోమా అనే క్యాన్సర్, గ్రేడ్ 2 అని వచ్చింది. ఛాతీ సీటీలో ఏమీ లేదన్నారు. హమ్మయ్య అనుకుంటుండగా నిన్న ఫైల్లో 3ఏ అని రాశారు. మూడో స్టేజీ అనగానే అమ్మ అన్నం మానేసింది. రిపోర్టులో డిఫరెన్సియేషన్ 2, మైటోసిస్ 12, నెక్రోసిస్ సగం కన్నా తక్కువ అని కూడా ఉంది. అంటే ఏంటి?

పెందుర్తి_మావయ్య:
బాబూ, సూది గుచ్చితే పాకేస్తుందని మా వైపు అంటారు. ఇంక కత్తి పెట్టించకండి.

స్లైడు_పెట్టె:
మావయ్యగారూ, ఈ మాట నమ్మి ఆలస్యంగా వచ్చినవాళ్ళ స్లైడ్లు చాలా చూశాను. సర్జన్ ఆపరేషన్లో కోయబోయే దారిలోనే సూది పెట్టిస్తారు. అసలు ప్రమాదం, స్కాన్ కూడా లేకుండా కొవ్వు గడ్డే అనుకుని కోసి పారేయడం.

తమ్ముడూ, నేను పద్దెనిమిదేళ్ళుగా పాథాలజీలోనే ఉన్నాను. ఏమీ పెరగలేదు. గ్రేడ్ అంటే కణాల తీరు. స్టేజ్ అంటే గడ్డ సైజు, పాకిందా లేదా అన్నది. సార్కోమాలో, అంటే కండరం, కొవ్వు లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లలో, గ్రేడ్‌ని కూడా స్టేజ్ లెక్కలో కలుపుతారు. గ్రేడ్ 2 గానీ 3 గానీ అయి, 5 దాటి 10 సెంటీమీటర్ల లోపు ఉంటే, ఎక్కడికీ పాకకపోయినా 3ఏ అనే రాస్తారు. దూరంగా పాకితే 4. ముందు ఈ ముక్క అమ్మకి చెప్పిరా, మిగతాది తర్వాత చదువు.

రిపోర్టులో ఆ అంకెలు గ్రేడ్ వేయడానికి 1984 నుంచి వస్తున్న ఫ్రెంచి వాళ్ళ పద్ధతి. కణాలు మామూలు కణజాలాన్ని ఎంత పోలి ఉన్నాయో దానికి 1 నుంచి 3 మార్కులు, మీకు 2. మైక్రోస్కోపులో పది ఫీల్డుల్లో విడిపోతున్న కణాల్ని లెక్కపెడతాం: 9 దాకా 1, 19 దాకా 2, ఆపైన 3. మీకు 12, అంటే 2. చచ్చిపోయిన భాగం సగం లోపు, 1. మొత్తం 5. నాలుగైదు వస్తే గ్రేడ్ 2, ఆరు, ఆపైన వస్తే గ్రేడ్ 3. ఒక్క మార్కు దూరంలో ఉన్నారు, దాచను. పైగా సూదితో వచ్చేది సేమియా ముక్కంత. ఆపరేషన్ తర్వాత మొత్తం గడ్డ చూశాక గ్రేడ్ మారొచ్చు. ముందే రేడియేషన్ ఇస్తే మాత్రం మళ్ళీ గ్రేడ్ వేయం, కణాల రూపే మారిపోతుంది.

గాజువాక_అబ్బాయి:
ఇంతకీ పాకుతుందా, పాకదా మేడమ్?

స్లైడు_పెట్టె:
గ్రేడ్, సైజు, లోతు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది. అది వందలమందిని చూసి వేసిన అంచనా, మీ నాన్నగారి జాతకం కాదు. పాకితే ఎక్కువగా ఊపిరితిత్తులకే. అందుకే మొదటి రెండు మూడేళ్ళు మూడు నాలుగు నెలలకోసారి ఛాతీ చూస్తారు. మిక్సాయిడ్ లైపోసార్కోమా అనే ఇంకో రకం అయితే వెన్నెముక కూడా చూస్తారు, మీది అది కాదు. సార్కోమా అరుదు కాబట్టి బయాప్సీ ముక్క దాచిన బ్లాకులు ఇంకోచోట చూపించడం మంచిది. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే.

గాజువాక_అబ్బాయి:
అమ్మకి చదివి వినిపించాను. "నాలుగని రాయలేదు కదా" అని రెండుసార్లు అడిగింది. బ్లాకులు ల్యాబ్ వాళ్ళనే అడగాలా?

స్లైడు_పెట్టె:
ఆఁ. డాక్టరుగారి చీటీ, రిపోర్టు జిరాక్స్ పట్టుకెళ్ళు. ఈ ఎండల్లో బండి డిక్కీలో మాత్రం పెట్టకు, అవి మైనం బ్లాకులు.