48 ఏళ్లకు నాకు నప్పే బట్టలేవో ఎలా తేల్చుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. బడిలో టీచరుగా ఉన్నన్నాళ్లూ గంజి పెట్టిన వెంకటగిరి కాటన్ చీరలే కట్టాను. అద్దంలో చూసుకుంటే ఇది నేనే అనిపించేది. ఇప్పుడు ఇంట్లోనే ట్యూషన్లు చెబుతున్నా. ముట్లు ఆగే వయసు కదా, నడుము చుట్టూ ఒళ్లొచ్చింది, ఉన్నట్టుండి ఒంట్లో ఆవిర్లు. పాత జాకెట్లకు లోపలి కుట్లు విప్పించినా చంకల దగ్గర పట్టేస్తున్నాయి. ఇక్కడి మే ఎండల్లో గంజి చీర అసలు భరించలేను.

మా అమ్మాయి కుర్తీలు వేసుకోమంటుంది. ఒంటికి హాయిగానే ఉంటాయి గానీ, పక్కింటావిడ బట్టలు అడిగి తెచ్చుకున్నట్టు అనిపిస్తుంది. నైటీ మీద చున్నీ కప్పుకుని పాఠం చెప్పడం మాత్రం నాకిష్టం లేదు. పిల్లల ముందు నిలబడే మనిషికి బట్టలోనూ ఒక పద్ధతి ఉండాలి.

శ్రీకాళహస్తి కలంకారీ అంటే నాకు ప్రాణం. వెదురు కలంతో గీసిన ఆ నల్లటి గీతలు, బెల్లం నీళ్లలో ఇనుము నానబెట్టి చేసే ఆ నలుపు, ఎంత చూసినా తనివి తీరదు. ఆ గుడ్డతో మోకాలి కిందికొచ్చే వదులు కుర్తా కుట్టించుకుంటే నా ఒంటికి బాగుంటుందా? పాత వెంకటగిరి చీరలను కుర్తాలుగా మార్చినవాళ్లు ఉన్నారా? జరీ అంచు పొట్ట మీదికి రాకుండా ఎక్కడ పెట్టించారు? ఈ వయసులో మీ తీరు మీరెలా కనుక్కున్నారో కాస్త వివరంగా చెప్పండి అక్కలూ, చెల్లెళ్లూ.