సింగిల్టన్-మెర్టెన్ సిండ్రోమ్ గురించి తెలిసినవాళ్లు ఉన్నారా?

నమస్కారం అండీ. మాది బొబ్బిలి. మా అక్క కొడుక్కి పన్నెండేళ్లు. వాడికి సింగిల్టన్-మెర్టెన్ సిండ్రోమ్ (పళ్లు, ఎముకలు, గుండెని దెబ్బతీసే అరుదైన జన్యు జబ్బు) ఉండొచ్చని విశాఖలో గుండె డాక్టరు గారు అనుమానిస్తున్నారు. పాలపళ్లు ఆలస్యంగా ఊడాయి, కొత్తగా వచ్చినవాటికి వేర్లు పొట్టిగా ఉండి కదిలిపోతున్నాయి. జామకాయ కొరకలేడు, అక్క సన్నగా తరిగి పెడుతుంది. ఎక్స్‌రేలో వేళ్ల ఎముకలు పలచబడ్డాయి. ఎకోలో (గుండె స్కాన్‌లో) బృహద్ధమని కవాటం, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే పెద్ద నాళం మొదట్లో ఉండే కవాటం దగ్గర కాల్షియం కనిపించింది, మా టెన్షనంతా దాని గురించే.

ఇది ఐఎఫ్ఐహెచ్1 లేదా డీడీఎక్స్58 జన్యువులో మార్పు వల్ల వస్తుంది. వైరస్ లేకపోయినా ఒళ్లు, వైరస్‌ని ఎదుర్కోడానికి పనికొచ్చే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ని తయారుచేస్తూనే ఉంటుందట. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం. బావగారికీ చిన్నప్పుడే పళ్లు పోయాయి, సోరియాసిస్ కూడా ఉంది. అందుకే ఆయనకీ, చిన్నపాపకీ పరీక్ష చేయిద్దామంటున్నాను. రేపు పాపకి సంబంధాలు రావని పెద్దవాళ్లు అడ్డుపడుతున్నారు. ముందు దాని గుండె బాగుండాలి కదా!

హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు పరీక్ష చేయించుకున్నవాళ్లుంటే, రక్తం ఇక్కడినుంచి పంపొచ్చో, మనుషులే వెళ్లాలో చెప్పండి. గుండె జబ్బున్న పిల్లలకి పళ్లు చూసే డాక్టరు విశాఖలో ఉన్నారా? ఇంటర్‌ఫెరాన్ ప్రభావాన్ని తగ్గించే జాక్ ఇన్హిబిటర్ మందులు మీ పిల్లలకి ఎవరైనా వాడారా, ఏమైనా తేడా కనిపించిందా?