గోడ చాటు నుంచి వచ్చి బాణం వేసి మళ్ళీ చాటుకెళ్ళిపోతుంటే డీఎం ఏం చేయాలి?

ప్రశ్న:

అందరికీ నమస్తే. ఏడు నెలలుగా డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే కథా ఆట) ఫిఫ్త్ ఎడిషన్ నడుపుతున్నాను, అంటే నేనే డీఎం, 2014 రూల్స్. మా గ్రూప్‌లో ఐదో లెవెల్ రేంజర్ (వేటగాడి లాంటి పాత్ర) ఒకడున్నాడు, చేతిలో లాంగ్‌బో. మొన్నటి ఫైట్‌లో ఇతను చేసింది ఒక్కటే పని. కూలిన గోడ మూలన నిలబడతాడు, తన టర్న్ రాగానే రెండు చదరాలు (చదరం అంటే 5 అడుగులు) బయటికి, రెండు బాణాలు, మళ్ళీ రెండు చదరాలు వెనక్కి. మొత్తం 20 అడుగులు, స్పీడ్ 30 కాబట్టి లెక్క సరిపోతుంది. ఎదురుగా 80 అడుగుల దూరంలో ఆరు ఆర్క్‌లు, అంటే రాక్షసుల్లాంటి శత్రువులు. వాటి టర్న్ వచ్చేసరికి కొట్టడానికి మనిషే కనిపించడు. నాలుగు రౌండ్లు ఇదే తంతు. నాలుగు ఆర్క్‌లు పోయాయి, ఇతనికి ఒక్క హిట్ పాయింట్ తగ్గలేదు. ముందు నిలబడి దెబ్బలన్నీ తిన్నది ఫైటర్ ఆడే అమ్మాయి, ఆమె మొహం చూస్తే నాకే బాధేసింది.

చాటు నుంచి వస్తున్నాడు కదా అని ప్రతిసారీ అడ్వాంటేజ్ (పాచిక రెండుసార్లు వేసి ఎక్కువ వచ్చింది తీసుకోవడం) కూడా ఇచ్చాను. బాణం వేశాక మిగిలిన మూవ్‌మెంట్ వాడుకోవచ్చని రూల్ నిజంగానే ఉందా? ఉంటే, "వేశాక ఇక కదలకూడదు" అని హౌస్ రూల్ (మా గ్రూప్ వరకే సొంత రూల్) పెట్టేద్దామా అని ఆలోచిస్తున్నాను. ఎల్లుండే తర్వాతి సెషన్, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

రూల్ ఉంది. మూవ్‌మెంట్‌ని ముక్కలు చేసుకుని యాక్షన్‌కి (టర్న్‌లో చేసే ముఖ్యమైన పనికి) ముందు కొంత, తర్వాత కొంత వాడుకోవచ్చు. అంతే కాదు, ఎక్స్‌ట్రా అటాక్ (ఒకే యాక్షన్‌లో రెండుసార్లు కొట్టడం) ఉన్నవాళ్ళు మొదటి బాణానికీ రెండో బాణానికీ మధ్య కూడా నడవచ్చు. కాబట్టి మీ రేంజర్ తప్పేమీ చేయలేదు.

అడ్వాంటేజ్ ఇవ్వడం మాత్రం మీ పొరపాటు. గోడ వెనక ఉండటం వేరు, దాక్కోవడం వేరు. అతను ఎక్కడున్నాడో ఆర్క్‌లన్నింటికీ తెలుసు, బయటికి అడుగు పెట్టగానే కనిపిస్తాడు. దాక్కోవాలంటే హైడ్ యాక్షన్ తీసుకోవాలి, అది తీసుకుంటే ఆ టర్న్‌లో బాణం ఉండదు. రోగ్‌కి (దొంగలాంటి పాత్రకి) రెండో లెవెల్ నుంచి కన్నింగ్ యాక్షన్ ఉంది కాబట్టి బోనస్ యాక్షన్‌గా, అంటే యాక్షన్‌తో పాటు చేసే చిన్న పనిగా, దాక్కోగలడు. రేంజర్‌కి ఆ సౌకర్యం 14వ లెవెల్లో వానిష్ వచ్చాకే.

ఇంకొకటి. ఫైటర్ ఆర్క్‌లకి అడ్డంగా నిలబడింది అన్నారు కదా, రేంజర్ బాణం ఆమెని దాటుకుని వెళ్ళాల్సి వస్తే ఆ ఆర్క్‌కి హాఫ్ కవర్, అంటే ఏసీకి (దెబ్బ తగలాలంటే పాచికతో చేరాల్సిన అంకెకి) ప్లస్ 2. మన మనిషి అడ్డం ఉన్నా కవర్ కవరే. ఇది చాలామంది మర్చిపోతారు, నేనూ రెండేళ్ళు మర్చిపోయే ఆడించాను. ఈ రెండూ సరిచేస్తేనే సగం బాణాలు తప్పేవేమో.

ఇంకో జవాబు:

పైన చెప్పినవి కరెక్ట్. ఆర్క్‌లు ఏం చేయాలో నేను చెప్తాను, ఎందుకంటే అసలు సమస్య అక్కడే ఉంది, అవి నిలబడి చూస్తూ ఉండిపోయాయి.

మొదటిది రెడీ యాక్షన్. "వాడు గోడ దాటి బయటికి రాగానే జావెలిన్ విసురుతా" అని ఆర్క్ తన టర్న్‌లో సిద్ధంగా ఉండొచ్చు. అతను అడుగు బయట పెట్టిన వెంటనే, బాణం వదలకముందే జావెలిన్ వస్తుంది. కానీ జావెలిన్ 30 అడుగులు దాటితే డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో తక్కువ వచ్చింది తీసుకోవడం), 80 అడుగుల నుంచి పెద్దగా ప్రయోజనం ఉండదు, పైగా ఆ రౌండ్ రియాక్షన్ (వేరేవాళ్ళ టర్న్‌లో చేసే ఒక్క పని) ఖర్చయిపోతుంది. కాబట్టి దగ్గరికి వెళ్ళాలి.

అందుకే రెండోది. ఆర్క్‌లకి అగ్రెసివ్ అని ఒక లక్షణం ఉంది, మీరు వాడినట్టు లేరు. కనిపిస్తున్న శత్రువు వైపు బోనస్ యాక్షన్‌తో ఇంకో 30 అడుగులు పరిగెత్తగలదు. కానీ "కనిపిస్తున్న" అనే మాట ముఖ్యం, గోడ వెనక ఉన్నవాడి మీదకి అది పని చేయదు. అందుకని ముందు మామూలు మూవ్‌మెంట్‌తో పక్కకి తిరిగి గోడ మూల దాటి చూపు అందేలా నిలబడాలి, అప్పుడు అతని మీదకి అగ్రెసివ్. అందకపోతే యాక్షన్‌తో డాష్, అంటే ఇంకోసారి స్పీడంత పరుగు. ఇవన్నీ కలిపితే ఒక్క టర్న్‌లో 90 అడుగులు.

ఒక్క ఆర్క్ అతని పక్క చదరంలోకి వచ్చిందంటే ఆట మారిపోతుంది. 5 అడుగుల్లో శత్రువు ఉంటే బాణానికి డిసడ్వాంటేజ్. వదిలేసి పారిపోతే ఆపర్చునిటీ అటాక్, అంటే వెళ్తుండగా ఆర్క్ కొట్టే దెబ్బ. డిసెంగేజ్ చేస్తే (ఆ దెబ్బ పడకుండా తప్పుకుంటే) యాక్షన్ పోయింది, ఇక బాణం లేదు. కాబట్టి ఆరింటినీ ఫైటర్ మీదకి తోయకండి, రెండింటిని గోడ చుట్టూ పంపండి.

మూడో జవాబు:

నేను కొంచెం వేరుగా అనుకుంటాను. ఫిఫ్త్ ఎడిషన్‌లో కదులుతూ కొట్టడానికి ఖర్చే లేకుండా చేశారు, మిగతా గేమ్స్‌లో అలా కాదు. డీ అండ్ డీ పాత ఎడిషన్ 3.5లో బాణానికి ముందూ వెనకా నడవాలంటే షాట్ ఆన్ ద రన్ అనే ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) కావాలి, దానికి ముందు డాడ్జ్, మొబిలిటీ, పాయింట్ బ్లాంక్ షాట్ అన్నీ ఉండాలి. అవన్నీ ఉన్నా ఒక్క బాణమే, ఎక్కువ వేయాలంటే ఫుల్ అటాక్, అందులో కదలగలిగేది 5 అడుగులు. పాత్‌ఫైండర్ సెకండ్ ఎడిషన్‌లో టర్న్‌కి మూడు యాక్షన్లు. బయటికి ఒకటి, బాణానికి ఒకటి, వెనక్కి ఒకటి, అయిపోయింది. చాటు కావాలంటే రెండో బాణం వదులుకోవాలి. సావేజ్ వరల్డ్స్‌లో పరిగెత్తితే షూటింగ్ రోల్‌కి మైనస్ 2. గర్ప్స్‌లో టర్న్ అంటే ఒక్క సెకను, అందులో నడుస్తూ కొడితే గురి పెట్టి సంపాదించిన బోనస్ కూడా పోతుంది. కాబట్టి ఏదో ఒక ధర పెట్టడం నాకు తప్పుగా అనిపించదు. అసలు కదలకూడదు అనే బదులు, వేశాక మిగిలిన దాంట్లో సగమే నడవొచ్చు అని పెట్టి చూడండి.

రెండో జవాబు రాసినవారు:

అన్నా, మీ లెక్కలతో గొడవ లేదు. కానీ ఆ సగం రూల్ ఈ ఫైట్‌లో కూడా పని చేయదు. 10 అడుగులు నడిచాడు, 20 మిగిలింది, సగం అంటే 10, సరిగ్గా గోడ వెనక్కి చేరిపోతాడు. పూర్తిగా ఆపేస్తే మాత్రం కత్తితో కొట్టి వెనక్కి జరిగే రోగ్, కొట్టి దాక్కునే గాబ్లిన్, అందరూ దెబ్బతింటారు. బాణాలకి మాత్రమే అంటే, ఆ కుర్రాడు ఏడు నెలలు పెంచుకున్న క్యారెక్టర్‌ని మధ్యలో శిక్షించినట్టు అవుతుంది. నాకది అస్సలు ఇష్టం ఉండదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ చాలా థాంక్స్. సెషన్ అయిపోయింది. హౌస్ రూల్ పెట్టలేదు. ఆట మొదలు పెట్టేముందు అడ్వాంటేజ్ విషయం, కవర్ విషయం నా పొరపాటని అందరికీ చెప్పాను, రేంజర్ కుర్రాడు ఏమీ అనుకోలేదు. ఈసారి రాళ్ళ గుట్టలో ఎనిమిది గాబ్లిన్లు, వాటి దగ్గరా షార్ట్‌బోలు, అవి కూడా వచ్చి వేసి దాక్కుంటున్నాయి. రెండు మాత్రం రెడీ పెట్టుకుని అతను వచ్చే మూల మీదే కన్నేసి ఉన్నాయి. మొదటి రౌండ్‌లోనే బాణం తగిలింది. అప్పుడతను ఫైటర్ వైపు తిరిగి "నువ్వు ఆ గుట్ట ఎక్కి వాటిని కదిలించు, నేను కవర్ చేస్తా" అన్నాడు. ఇన్ని నెలల్లో వాళ్ళిద్దరూ కలిసి ప్లాన్ వేసుకోవడం నేను చూడటం ఇదే మొదటిసారి.

ఒక్క డౌట్ మిగిలింది. బాణం వేశాక నేల మీద పడుకుంటున్నాడు, దూరం నుంచి కొట్టేవాళ్ళకి డిసడ్వాంటేజ్ వస్తుందని. లేవడానికి 15 అడుగులు పోతాయి కదా?

జవాబు:

అవును, స్పీడ్‌లో సగం. పడుకోవడానికి ఖర్చు లేదు. గాబ్లిన్ పక్కకి వచ్చి కత్తితో కొడితే మాత్రం దానికి అడ్వాంటేజ్, అది గుర్తు పెట్టుకోండి.